వేలెడంత గొట్టం

మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాను. కారు ఒక్కసారి ముందుకు దూకి, వెంటనే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు చతికిలబడింది. ఇంజిన్ దీపం వెలిగింది. లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ0234: ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఒత్తిడి మితిమీరింది.

నా అనుమానం ముందు టర్బో మీదికే పోయింది. ఒత్తిడి మించకుండా ఇంజిన్ పొగను పక్కకు వదిలే తలుపు, అదే వేస్ట్‌గేట్, మూసుకుని బిగుసుకుపోయిందేమో, మొత్తం విప్పాలేమో అని గుండె జారింది. గాలి ఒత్తిడితో ఆ తలుపును తెరిచే యాక్చుయేటర్‌కు చేతిపంపుతో నేరుగా గాలి పట్టించి చూశాను. కడ్డీ సాఫీగా కదిలింది. పంపు మీటరు ముల్లు కిందికి దిగలేదు. అంటే లోపలి పొర చెక్కుచెదరలేదు.

అప్పుడు చేతిలోకి తీసుకున్నాను, యాక్చుయేటర్‌కు టర్బో గాలిని తెచ్చే సన్నని రబ్బరు గొట్టాన్ని. పైకి కొత్తదానిలాగే నల్లగా నిగనిగలాడుతోంది. క్లిప్పు పక్కన కాస్త వంచగానే వెంట్రుకంత చీలిక నోరు తెరిచింది.

ఒత్తిడి అక్కడే బయటికి పోతుంటే, తలుపు తీయమన్న కబురు వేస్ట్‌గేట్‌కు చేరేదెలా? గాలి కారితే ఒత్తిడి తగ్గుతుందనే ఇన్నాళ్లూ వెతికేవాణ్ణి. ఇక్కడ కారడం వల్లే పెరిగింది! ఎంత చక్కని చిక్కుముడి.

కొత్త గొట్టం వేసి, అదే గేరులో మళ్లీ నొక్కాను. ఇంజిన్ కోరిన ఒత్తిడి, నిజంగా వచ్చిన ఒత్తిడి, స్కానర్ తెర మీద రెండు గీతలూ పక్కపక్కనే నడిచాయి. పాత ముక్కను పారేయబుద్ధి కాలేదు. బల్ల మీదే ఉంది.