రెండు చోట్ల దొరికే మాల్గుడి

మాల్గుడి ఆర్.కె. నారాయణ్ కథల్లోని కల్పిత ఊరు; దాన్ని సీరియల్‌గా తీసింది కర్ణాటకలో, శివమొగ్గ వైపు. అనంతపురం నుంచి ఆ మాల్గుడి చూడబోయేవాళ్లకు మొదటి మాట: ముందు అరసాళు, తర్వాతే ఆగుంబె. చాలామంది నేరుగా ఆగుంబెకు పోయి, సీరియల్లో కనిపించే దొడ్డ మనె అనే పాత ఇంటి ముందు నాలుగు ఫోటోలు తీసుకుని, శృంగేరి దర్శనం చేసుకుని వెనక్కి వచ్చేస్తారు. 'మాల్గుడి డేస్' సీరియల్లో మనం చూసిన రైలు స్టేషను ఆగుంబెలో లేదు, అరసాళులో ఉంది. అసలు ఆగుంబెకు రైలే లేదు. స్టేషను ఒకచోట, వీధులూ ఇళ్లూ ఇంకొకచోట, నడుమ రోడ్డు మీద 80 కిలోమీటర్ల దాకా అడవీ వక్కతోటలూ. ఆ రెండింటినీ అతికి ఒకే ఊరని మనల్ని నమ్మించారు. ఆ అతుకును కళ్లారా చూడాలని నవంబరు చివర్లో నలుగురం కారులో బయల్దేరాం.

వెళ్లేముందు సీరియల్ మళ్లీ చూడాలి, అదీ సరైన భాగాలు చూడాలి. 1986–87లో దూరదర్శన్‌లో వచ్చినవి శంకర్ నాగ్ తీసిన 39 భాగాలు. నిర్మాత టి.ఎస్. నరసింహన్. 2006లో కవితా లంకేశ్ దర్శకత్వంలో ఇంకో 15 వచ్చాయి. అన్నీ కలిపి 54 అని ఒకే వరుసలో పెట్టేస్తుంటారు కాబట్టి తేడా తెలియక తికమక పడతారు. చోట్లు గుర్తుపట్టాలంటే పాత 39 మీదే దృష్టి పెట్టండి. మాస్టర్ మంజునాథ్ స్వామిగా, గిరీశ్ కర్నాడ్ వాళ్ల నాన్నగా, వైశాలి కాసరవళ్లి అమ్మగా వేసిన స్వామి కథలు ముందు చూడాలి. ఇల్లు లోపలా బయటా ఎక్కువగా కనిపించేది వాటిలోనే. ఆ తర్వాత పోస్ట్‌మాన్ తణప్ప కథ, రోడ్డు ఇంజన్ కథ చూడండి. జాతరలో లాటరీ తగిలి రోడ్డు రోలర్ బహుమతిగా వస్తే, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మునిసిపాలిటీకి అద్దె కట్టుకునే మనిషి కథ అది. చిన్న ఊరి నవ్వు ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి ఆ ఒక్క భాగం చాలు. ఎవరూ జోకు చెప్పరు. వస్తువు పెద్దది, మనిషి జేబు చిన్నది, ఊరంతా సలహా ఇచ్చేవాళ్లే. అనంతపురం పాతూరులోనో, టవర్ క్లాక్ చుట్టుపక్కల వీధుల్లోనో పెరిగినవాళ్లకు ఈ సలహాదారులు కొత్తేమీ కాదు. హిందీ సరిగా రాని ఇళ్లలో కూడా ఆ సీరియల్ నడిచిందంటే కారణం అదే. మాట అర్థం కాకపోయినా మనిషి అర్థమయ్యాడు.

దారి కళ్యాణదుర్గం మీదుగా చళ్లకెరె, చిత్రదుర్గ, హొళల్కెరె, చన్నగిరి, శివమొగ్గ. మొత్తం 250 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున 5 గంటలకు కదిలితే, ఒక్కచోట టిఫినుకు ఆగినా, పదకొండున్నరకల్లా శివమొగ్గలో ఉంటాం. కళ్యాణదుర్గం దాటాక రోడ్డు ఇరుకు, పైగా ఊళ్ల దగ్గర గుర్తులు లేని స్పీడ్ బ్రేకర్లు. చీకట్లో ఆ ముక్క దాటకుండా చూసుకోండి. టిఫిను చిత్రదుర్గలో పెట్టుకుంటే మంచిది. అక్కడ మండక్కి, మెణసినకాయి బజ్జి దొరుకుతుంది. మండక్కి అంటే మన బొరుగులే. మన ఉగ్గాని బజ్జీకి దాయాది అనుకోండి. ఉల్లిగడ్డ, పుట్నాలపొడి మామూలే, నిమ్మకాయ మాత్రం కాస్త ధారాళంగా పిండుతారు. ఇంటి నుంచి వేయించిన చెనిక్కాయలు, జొన్నరొట్టెలు, ఊర్బిండి కట్టుకుంటే మధ్యాహ్నం హోటలు వెతుక్కునే పని తప్పుతుంది. అరసాళు దగ్గర భోజనానికి పెద్ద ఏర్పాట్లు ఆశించకండి.

కారు లేనివాళ్లు బెంగళూరు చేరి, అక్కణ్నుంచి శివమొగ్గ మీదుగా తాళగుప్ప వెళ్లే రైలు ఎక్కొచ్చు. అరసాళు ఆ శివమొగ్గ–తాళగుప్ప మార్గంలోనే, కుంసి దాటాక వస్తుంది. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు. టికెట్టు తీసేముందు ఆగుతుందో లేదో రైల్వే యాప్‌లో చూసుకోండి. ఆగని రైలు ఎక్కితే స్టేషను కిటికీలోంచి కనిపించి వెళ్లిపోతుంది.

రోడ్డు మీద వెళ్లేవాళ్లు శివమొగ్గ నుంచి సాగర దారిలో ఆయనూరు దాకా పోయి, అక్కడ రిప్పన్‌పేట వైపు తిరగాలి. ఆయనూరు మలుపు దాటిపోతే సాగర వైపు చాలా దూరం వెళ్లాకగానీ తప్పు తెలియదు. మేమూ ఒకసారి దాటిపోయి వెనక్కి తిరిగాం.

అరసాళు స్టేషను చిన్నది. చిత్రీకరణ జరిగిన రోజుల్లో ఈ మార్గం మీటర్‌గేజ్. పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లే. ఇప్పుడు బ్రాడ్‌గేజ్, 1,676 మిల్లీమీటర్లు. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, సీరియల్లో రైలు పెట్టెలు ప్లాట్‌ఫాం పక్కన బొమ్మరిల్లులా, మనుషులకు దగ్గరగా కనిపిస్తాయి. ఇప్పటి పెట్టె వచ్చి నిలబడితే అదే స్టేషను కురచైపోతుంది. ధర్మవరం–పాకాల మార్గం మీటర్‌గేజ్‌గా ఉన్నప్పుడు ఎక్కినవాళ్లకు ఆ పాత కొలత ఒంటికే గుర్తుంటుంది: అడుగు ఎత్తి పెడితే పెట్టెలో ఉంటాం, కిటికీలోంచి చెయ్యి చాపితే చాయ్ గ్లాసు అందుతుంది.

పాత స్టేషను భవనాన్ని పడగొట్టకుండా బాగుచేసి 2020లో మాల్గుడి మ్యూజియంగా మార్చారు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. సీరియల్‌కు కళా దర్శకత్వం చేసిన జాన్ దేవరాజే ఈ మ్యూజియాన్నీ తీర్చిదిద్దారు. అప్పుడు స్టేషన్ను మాల్గుడిగా మార్చిన చెయ్యే ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ ఆ పని చేసింది. అందుకే బొమ్మలూ చిత్రాలూ అతికించినట్టు లేవు. ఆవరణలో పాత రైలు పెట్టెను టీ అంగడిగా పెట్టారు. లోపల చూడటానికి అరగంట చాలు. కానీ ఒక రైలు వచ్చిపోయేదాకా ఉండండి. ప్లాట్‌ఫాం చివరికి నడిచి వెనక్కి తిరిగి చూస్తే భవనం, పట్టాలు, వెనక చెట్లు ఒకే చూపులో పడతాయి. రైలు కదిలాక మిగిలే నిశ్శబ్దం వినాలి. ఎల్. వైద్యనాథన్ సీరియల్‌కు కట్టిన ఆ 'తానాన' బాణీ ఇలాంటి ఖాళీలోనే హాయిగా కూర్చుంటుంది.

అక్కణ్నుంచి శివమొగ్గకు తిరిగి రావద్దు. రిప్పన్‌పేట, కోణందూరు మీదుగా తీర్థహళ్లికి దారి ఉంది. గంటన్నర పడుతుంది. తీర్థహళ్లిలో మూడు పనులు చేసుకోవాలి: పెట్రోలు నింపడం, చేతిలో నగదు పెట్టుకోవడం, చూడాల్సిన సీరియల్ ముక్కలు ఫోన్‌లోకి దించుకోవడం. ఆగుంబెలో సిగ్నల్ ఉన్నట్టే ఉండి జారిపోతుంది. తీర్థహళ్లి నుంచి ఆగుంబె 33 కిలోమీటర్లు.

ఇక ఆగుంబె. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూఇటూగా వాన. ఆగుంబెలో 7,600 పైమాటే. 1946 ఆగస్టు ఒక్క నెలలోనే అక్కడ 4,508 మిల్లీమీటర్లు పడింది. మనకు ఏడాదంతా పడే వాన వాళ్లకు జులైలో వారం పది రోజుల సరుకు. ఈ అంకె తలలో పెట్టుకుని ఇళ్ల వైపు చూడండి. మన పాత ఇళ్లు మట్టి మిద్దెలు, పైన చదును, మీద మిరపకాయలు ఆరబెట్టుకోవచ్చు. ఇక్కడ కప్పు నిట్రంగా జారుతుంది, మంగళూరు పెంకులు, చూరు బాగా ముందుకు వస్తుంది. ఆ చూరు కింద అరుగు, అరుగు మీద కబుర్లు. సీరియల్లో మనుషులు అస్తమానం వసారాల్లో కూర్చుని మాట్లాడుకుంటారే, అది దర్శకుడి ముచ్చట మాత్రమే కాదు, వాన పెట్టిన అలవాటు.

దొడ్డ మనె అంటే పెద్ద ఇల్లు. స్వామి ఇల్లు ఇదే. నడిమధ్య ఆకాశం కనిపించే తొట్టి, చుట్టూ చెక్క స్తంభాలు, మన మండువా లోగిలి లాంటిదే. నూరేళ్లు దాటిన ఇల్లు, ఇప్పటికీ కుటుంబం కాపురం ఉంటున్న ఇల్లు. ఈ మాట మరిచిపోయి లోపలికి జొరబడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చెప్పులు బయట విడవాలి, గడపలో నిలబడి అడగాలి, వంటింటి వైపూ దేవుడి గది వైపూ కెమెరా తిప్పకూడదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా వెళ్లకపోవడం మర్యాద. రాత్రి ఉండాలనుకుంటే ముందే ఫోన్ చేసి అడగాలి. గది దొరక్కపోతే తీర్థహళ్లికో శృంగేరికో పోవాలి, చీకటిపడ్డాక ఆ దారిలో పొగమంచు. చేతికిచ్చిన కషాయాన్ని వద్దనకండి. జీలకర్ర, ధనియాలు, మిరియాలు పాలతో కాచింది, ఆ చలిలో కాఫీ కన్నా బాగా పనిచేస్తుంది. డబ్బు సంగతి వాళ్లు నోరు తెరిచి అడగకపోయినా మనం మరిచిపోకూడదు.

పాత దృశ్యాన్నీ ఇప్పటి చోటునూ పక్కపక్కన పెట్టే ఫోటో తీయాలని అందరికీ ఉంటుంది. పదిలో ఎనిమిది కుదరవు. కారణాలు తెలిస్తే కుదురుతాయి. సీరియల్లోంచి పది పన్నెండు స్థిర చిత్రాలు ముందే ఫోన్‌లో దాచుకోండి. మనుషులు నిండుగా ఉన్నవి కాదు, స్తంభం, గడప, మెట్టు, కప్పు వాలు స్పష్టంగా ఉన్నవి తీసుకోవాలి. చెట్లను నమ్మొద్దు, ఇన్నేళ్లలో పెరిగినవి పెరిగాయి, పడినవి పడ్డాయి. అప్పటి టీవీ బొమ్మ 4:3, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు. ఫోన్‌ను అడ్డంగా పట్టి కెమెరాను 4:3లోనే ఉంచండి. 16:9 పెడితే పైనా కిందా తెగిపోయి కప్పు పోతుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఫోన్ మామూలు లెన్సుతో తీయడం. అది వెడల్పు లెన్సు. ఎదురిల్లు దూరం జరుగుతుంది, వీధి సాగిపోతుంది, అంచున ఉన్న స్తంభాలు వాలిపోతాయి. 2ఎక్స్ జూమ్ పెట్టుకుని, అంతకు తగ్గట్టు వెనక్కి నడవండి. రెండు గుర్తులు, అంటే దగ్గరి స్తంభమూ దూరపు కప్పు మూలా, పాత బొమ్మలో ఎలా కలుస్తున్నాయో అలా కలిసేదాకా పక్కకు జరగండి. అవి కలిసినచోటే అప్పటి కెమెరా నిలబడింది. తొట్టిలో తీసేటప్పుడు నడుమ ఆకాశం వెలుగు ఎక్కువై చుట్టూ అంతా నల్లగా వస్తుంది. స్తంభం మీద వేలుపెట్టి నొక్కి వెలుతురును అక్కడే బిగించాలి. ఏసీ కారులోంచి దిగగానే తీస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది, పది నిమిషాలు ఆగండి. రెండు చిత్రాలు ఇలా నూటికి నూరుపాళ్లు కలిశాయి మాకు, ఆ ఆనందం చెప్పలేను. వీధిలో తీసిన వాటిలో కరెంటు తీగలూ కొత్త బోర్డులూ అడ్డం వచ్చాయి. వాటిని చెరపకుండా అలాగే ఉంచుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

జలగల సంగతి. వానకాలంలో ఊరంతా, నవంబరులో తడి ఆకులున్న అడవి బాటల్లో. పొడవు మేజోళ్లు ప్యాంటు మీదకి లాగి, చీలమండల చుట్టూ పొడి ఉప్పు రుద్దండి. వాన పడితే ఉప్పు కరిగిపోతుంది, మళ్లీ రుద్దాలి. పట్టుకున్న జలగను గుంజకూడదు, దానిమీద ఉప్పు పొయ్యకూడదు. అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. సన్నని కొస దగ్గర గోరు పెట్టి జారిస్తే వదిలేస్తుంది. నెత్తురు గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని ఉమ్మిలో ఉండటం వల్ల చాలాసేపు కారుతుంది. భయపడక సబ్బుతో కడిగి గుడ్డతో అదిమి పట్టండి. ఇది రాచనాగుల అడవి కూడా, వాటి మీద పరిశోధన చేసే కేంద్రం 2005 నుంచి ఇక్కడుంది. చీకటిపడ్డాక టార్చి లేకుండా బాట తొక్కొద్దు.

సూర్యాస్తమయ స్థలం ఊరికి దగ్గరే, సోమేశ్వరకు దిగే ఘాటు మొదట్లో. మబ్బు లేకపోతే అరేబియా సముద్రం గీతలా మెరుస్తుంది. మాకు మబ్బే కనిపించింది. ఘాటులో 14 మలుపులు. ఉడుపి దాకా పోయేవాళ్లు రెండో గేరులో దిగాలి, బ్రేకు మీద కాలు నిలిపి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. శృంగేరి 28 కిలోమీటర్లు. మర్నాడు పొద్దున దర్శనం, మఠంలో మధ్యాహ్న భోజనం చేసుకుని తిరగొచ్చు.

తిరుగుదారి శివమొగ్గ, చిత్రదుర్గ మీదుగానే. చిత్రదుర్గ దగ్గర పెద్ద హైవే ఎక్కి దావణగెరె వైపు పోతే ఆనగోడు వస్తుంది. 1990 సెప్టెంబరు 30న శంకర్ నాగ్ కారు ప్రమాదంలో చనిపోయింది అక్కడే. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు నిండలేదు. అది మన దారి కాదు, వెళ్లాలంటే ఎదురు తిరగాలి. మేం తిరిగాం. చూడటానికి ఏమీ లేదు, లారీలు పోయే రోడ్డు. బండి పక్కన ఆపి పది నిమిషాలు నిలబడి, మళ్లీ చళ్లకెరె దారి పట్టాం. కళ్యాణదుర్గం చేరేసరికి రాత్రి తొమ్మిదైంది.