హన్నా

"అత్తా, వెనక నుంచి చదివినా చెల్లి పేరే వస్తోంది!"

మేనల్లుడు కార్డు మీద హెచ్, ఏ, ఎన్, మళ్లీ ఎన్, ఏ, హెచ్ అని ఇంగ్లిష్‌లో రాసి, వేలు పెట్టి అటూ ఇటూ చదువుతున్నాడు. పాప పేరు ఈ రోజే ఖాయమైంది.

ఎన్నిసార్లు విన్న పేరో, నేనెప్పుడూ గమనించనేలేదు. హీబ్రూలో మాత్రం మూడే అక్షరాలు, అక్కడ ఇలా తిరగబడదు. అర్థం కృప, దయ. ఆన్, ఆనా లాంటి పేర్లకూ మూలం ఇదే. అమెరికాలో 1998 నుంచి 2000 దాకా వరుసగా మూడేళ్లు ఆడపిల్లల పేర్లలో ఇది రెండో స్థానంలో ఉంది.

వదిన ఈ పేరు ఎంచుకున్నది అందుకు కాదు. బైబిల్లో, బిడ్డ కోసం షిలోహు మందిరంలో ఏడుస్తూ ప్రార్థించిన హన్నా కోసం. ఆమె పెదవులు కదిలాయి కానీ గొంతు వినపడలేదు. యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఎంత బాధగా అనిపించి ఉంటుందో! కాదయ్యా, దేవుడి ముందు నా మనసు కుమ్మరించుకుంటున్నాను అని నెమ్మదిగా చెప్పింది. ఆ తర్వాత ఆమెకు పుట్టినవాడే సమూయేలు ప్రవక్త.

వదినకు రెండుసార్లు గర్భం నిలవలేదు. అప్పుడు ఆమె కూడా ఎవరితోనూ ఏమీ మాట్లాడేది కాదు. ఆ మౌనం చూసి మనిషి మారిపోయిందనుకున్నాం, నేను కూడా. ఇవాళ ఆమె చేయి పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

వాడు ఇంకో కార్డు తీసుకున్నాడు. ఈసారి చివరి అక్షరం నుంచి మొదలుపెట్టాడు.