పది లీటర్లకు నాలుగు గ్రాములు

2018 రబీలో ఒక ఉదయం చీపురుపల్లి వైపు నుంచి మొక్కజొన్న రైతు ఒకాయన ఫోను చేశారు. పురుగుమందుల దుకాణం ముందు నిలబడి ఉన్నానన్నారు. "లీటరు నీటికి నాలుగు గ్రాముల మందు అని మీరు రాశారు. దుకాణం ఆయనేమో ఈ మందు అంత ఎక్కువ ఎవరికీ ఇవ్వలేదంటున్నాడు. ఎవరి మాట వినమంటారు బాబూ?"

ముందురోజు నేను పంపిన ప్రతి తీసి చూశాను. అందులో 0.4 అని ఉంది. పత్రిక తెరిచాను. జిల్లా పేజీలో, నా పేరు కిందే, 4 గ్రాములు అని అచ్చయింది. పేజీ పెట్టేటప్పుడు సున్నా, దాని పక్క చుక్క రెండూ ఎగిరిపోయాయి. అంటే పదిరెట్ల మందు. నా కాళ్లలో సత్తువ పోయింది. "దుకాణం ఆయన చెప్పిందే నిజమండీ, తప్పు మాది. మందు కలపకండి" అని చెప్పి బండి తీశాను.

ఆ చుక్క సంగతి అర్థం కావాలంటే ఇంకొంచెం వెనక నుంచి చెప్పాలి.

అప్పట్లో నేను విజయనగరంలో ఒక దినపత్రికకు వ్యవసాయ వార్తలు రాసేవాణ్ని. ఆ ఏడాది మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొక్కజొన్న మీద కొత్త పురుగు ఒకటి బయటపడింది. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో కనిపించి, రెండేళ్లలో అక్కడి దేశాలను చుట్టబెట్టి మన దగ్గరికి వచ్చింది. దీని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దూరం పోగలదు. కర్ణాటకలో కనిపించిన కొద్ది నెలలకే తెలంగాణ, ఆంధ్ర చేలలోకి దిగింది. మా రైతులు దాన్ని చూసి కొందరు పొగాకు లద్దె పురుగు అనుకున్నారు, కొందరు కాండం తొలిచే పురుగు అనుకున్నారు. ఏది అనుకుంటే దానికి వాడే పాత మందు కొని చల్లారు.

నా మొదటి వార్త వాళ్లకు ఎందుకూ పనికిరాలేదు. ఇంగ్లిషులో వచ్చిన రెండు పేజీల సర్క్యులర్‌ను ముందు పెట్టుకుని, పురుగు పేరు 'ఫాల్ ఆర్మీవార్మ్'ను ఉన్నదున్నట్టు తెలుగు చేసి 'సైనిక పురుగు' అని రాశాను. ఆ పేరు వింటే రైతు కళ్ల ముందు ఏ పురుగూ మెదలదు. తరువాత 'కత్తెర పురుగు' అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ఆకులు కత్తిరించినట్టు తెగి ఉంటాయి కాబట్టి పేరు వినగానే చేను గుర్తుకొస్తుంది. ఆ పేరు ఎవరి నోట మొదట వచ్చిందో గానీ, వాళ్లకు దండం పెట్టాలి.

రెండో వార్తను అలా గదిలో కూర్చుని రాయకూడదనుకున్నాను. పరిశోధన స్థానానికి వెళ్లి కీటక శాస్త్రవేత్త మేడమ్‌ను కలిశాను. "అన్నీ సర్క్యులర్‌లో ఉన్నాయి కదండీ" అన్నారు. పత్రికల వాళ్లతో మాట్లాడాలంటే పై నుంచి అనుమతి రావాలన్నారు. మర్నాడు వెళ్తే మళ్లీ అదే మాట. మూడో రోజు మిఠాయి డబ్బాలో రెండు మొక్కజొన్న సుడులను, అంటే మొక్క నడిమి లేత ఆకుల చుట్టలను, వాటిలోని పురుగులతో సహా పట్టుకెళ్లాను. ఆవిడ మూత తీసి చూసి, "రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టారా? ఒకదాన్నొకటి తినేస్తాయి ఇవి. అందుకే ఎన్ని పిల్లలు పుట్టినా చివరకు ఒక్కో సుడిలో ఒకటో రెండో మిగులుతాయి" అంటూ భూతద్దం అందుకున్నారు. ఏ ఊరివి, ఎన్ని రోజుల పైరు, ముందు ఏ మందు కొట్టారు అని అడిగారు. అక్కడి నుంచి మా మధ్య మాట కలిసింది.

విలేకరులంటే జంకు ఎందుకో కూడా ఆ రోజే చెప్పారు. గతంలో ఇంకా పరీక్షల దశలో ఉన్న ఒక వంగడం గురించి మాట్లాడితే, వచ్చే సీజనుకే విత్తనం ఇస్తున్నారని ఎవరో రాశారట. విత్తనం కోసం రైతులు గేటు ముందు బారులు తీరారు. రాసినవాళ్లు హాయిగానే ఉన్నారు, సంజాయిషీ మాత్రం ఆవిడ ఇచ్చుకున్నారు. ఆవిడ స్థానంలో నేనున్నా తలుపు వేసుకునేవాణ్ని.

"అచ్చుకు ముందు నాకు చూపిస్తారా?" అని అడిగారు. మా వృత్తిలో అది ఒప్పుకోని పని. డెస్కులో అడిగితే వెంటనే వద్దన్నారు. ఈ రోజు శాస్త్రవేత్తకు చూపిస్తే రేపు నాయకులు కూడా చూపించమంటారు అన్నారు. అదీ కాదనలేని మాటే. నాలుగు రోజుల తర్జనభర్జన తరువాత ఒక దారి దొరికింది. వార్త మొత్తం చూపించను. పురుగు గుర్తులు, మందు పేరు, మోతాదు ఉన్న వాక్యాలను మాత్రం ఫోనులో చదివి వినిపిస్తాను. తప్పుంటే ఆవిడ గంటలోగా చెప్పాలి. శీర్షిక జోలికీ, నా వాక్యాల జోలికీ రాకూడదు. ఇద్దరం ఒప్పుకున్నాం. ఆ ప్రకారమే ఎమామెక్టిన్ బెంజోయేట్ అన్న పురుగుమందు మోతాదు చదివాను. "లీటరుకు సున్నా పాయింట్ నాలుగు గ్రాములు" అని ఇద్దరం ఒకటికి రెండుసార్లు పలికాం. ఇంత జాగ్రత్త పడ్డాక, మా ఇద్దరి చేతులూ దాటిన తరువాత ఆ చుక్క జారిపోయింది.

రైతు ఫోను పెట్టేయగానే మేడమ్‌కు చేశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "పురుగుతో పాటు దాన్ని తినే మిత్ర పురుగులూ పోతాయి. డబ్బు పోతుంది. అన్నిటికీ మించి, చల్లే మనిషి సంగతి ఏమిటి? ముందు అది చూడండి" అన్నారు. ఆ రోజు ఏడు దుకాణాలు తిరిగాను. ఒక డీలరు పలక మీద సుద్దతో సరైన మోతాదు రాసి గుమ్మానికి వేలాడదీశాడు. అంతకు ముందు పురుగుమందుల డీలర్ల మీద నేను రాసినవన్నీ ఫిర్యాదులే. ఆ రోజు నా తప్పుకు అడ్డం నిలబడింది వాళ్లే. రైతు చివరిగా నమ్మేది మందు చేతికిచ్చే మనిషిని అని తెలిసి కూడా, ఇన్నాళ్లూ నేను ఆయనతో మాట్లాడలేదు.

ఒక రైతు మాత్రం అప్పటికే ఒక ట్యాంకు చల్లేశారు. ఆయన ఇంటికి వెళ్లి కళ్లు మండుతున్నాయా, తల తిరుగుతోందా అని అడిగాను. ఏమీ లేదన్నారు. పైగా నాకు మజ్జిగ ఇచ్చారు. ఆ మజ్జిగ తాగడం నాకు చాలా కష్టమైంది.

సాయంత్రం డెస్కులో సవరణ మీద పెద్ద వాదన జరిగింది. సవరణలు మామూలుగా ఏదో మూల చిన్న అక్షరాల్లో వస్తాయి. తప్పు వార్త ఎక్కడ వచ్చిందో సరైనది అక్కడే, అంతే పెద్ద శీర్షికతో రావాలని పట్టుబట్టాను. చివరకు వేశారు. నా ఉద్యోగంలో నేను గెలిచిన వాదనల్లో దీన్నే ముందు చెప్పుకుంటాను.

"ఈసారి కాగితం వద్దు. ఊళ్లోకే వెళ్దాం" అన్నది మేడమే.

వారం తిరగకుండా ఒక సాయంత్రం రామాలయం అరుగు మీద కూర్చున్నాం. పాతికమంది దాకా వచ్చారు, సగం మంది ఆడవాళ్లు. మేడమ్ సీసాలోంచి పురుగును తీసి, "దీని తల మీద తిరగేసిన వై అక్షరం ఉంటుంది, చూడండి" అన్నారు. ఎవరూ పలకలేదు. ఒక పెద్దావిడ పురుగును అరచేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "అక్షరం నాకు తెలియదమ్మా. ఇది తలకిందులు చేసిన పంగలకర్ర కదా" అన్నారు. అందరూ వంగి చూశారు. నిజమే, పంగలకర్రే. తోక దగ్గర చదరంగా ఉన్న నాలుగు చుక్కలను చూసి ఒక కుర్రాడు మంచం కోళ్లన్నాడు. రెండు నిమిషాల్లో ఆ ఊళ్లో ఇక ఎవరూ ఈ పురుగును పొగాకు లద్దెతో పొరబడరని తేలిపోయింది. మేడమ్ ఆ రెండు మాటలూ నోటుబుక్కులో రాసుకోవడం నేను చూశాను.

తరువాత మోతాదు. ఈసారి నేను చుక్క ఊసే ఎత్తలేదు. పది లీటర్ల నీటికి నాలుగు గ్రాములు అన్నాను. "నా ట్యాంకు పదహారు లీటర్లది. దానికి ఎంత?" అని ఒక రైతు అడిగారు. లెక్క ప్రకారం 6.4 గ్రాములు. "అది తూచాలంటే బంగారం కొట్టు త్రాసు తేవాలి" అని ఆయనే, తాను చేసే పద్ధతి చెప్పారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 80 గ్రాముల మందు. పదహారు లీటర్ల ట్యాంకులైతే పన్నెండు. బకెట్టులో పన్నెండు చెంబుల నీళ్లు పోసి, ఎకరం మందంతా అందులో కలిపి, ట్యాంకుకు ఒక చెంబు పోసి పైన మామూలు నీళ్లు నింపుతారు. మేడమ్ కాగితం మీద లెక్క కట్టారు. పన్నెండు ట్యాంకులకు 192 లీటర్లు. "సరిపోయిందండీ. చేత్తో కాకుండా కర్రతో కలపండి, అంతే" అన్నారు. ఇన్నేళ్లుగా శాస్త్రవేత్తలు రాసే 0.4, రైతు చేతిలోని చెంబు ఒక చోట కలవడం నేను మొదటిసారి చూశాను.

మందు సుడిలోనే పడాలని కూడా మేడమ్ అప్పుడే రెట్టించి చెప్పారు. పురుగు పెరిగాక సుడి అడుగుకు చేరి, రంపపు పొట్టు లాంటి విసర్జనతో పైన మూసేసుకుంటుంది. ఆకుల మీద ఎంత చల్లినా దానికి తగలదు. అందుకే గుడ్ల ముద్దలు, ఆకు మీద తెల్లగా గీకిన మచ్చలు కనిపించిన రోజుల్లోనే చూసుకోవాలి.

ఆడవాళ్ల వైపు నుంచి వచ్చిన ప్రశ్నకు మాత్రం ఆ సాయంత్రం జవాబు లేదు. "మందు కొట్టిన చొప్ప ఎన్నాళ్లకు పశువుకు వేయవచ్చు?" చేలో పురుగు సంగతి చూసేది మగవాళ్లయినా, పశువుకు మేత కోసుకొచ్చేది వాళ్లు. సర్క్యులర్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు. నాకు తట్టలేదు, ఆవిడకూ తట్టలేదు. "నేను కనుక్కుని చెప్తానమ్మా" అన్నారు మేడమ్. శాస్త్రవేత్త నలుగురిలో ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. నాలుగో రోజున పశువైద్యుణ్ని కూడా వెంటబెట్టుకుని మళ్లీ ఆ ఊరు వెళ్లి, మందు కొట్టాక ఆగవలసిన రోజులంటూ డబ్బా మీద రాసిన విరామాన్ని ఎలా లెక్కపెట్టుకోవాలో ఇంటింటికీ చూపించారు.

పంగలకర్ర పేరు చెప్పిన పెద్దావిడే ఇంకో మాట కూడా అన్నారు. తాను సుడిలో చిటికెడు సన్న ఇసుక వేస్తున్నానని, పురుగు తగ్గిందని. కొందరు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. లాటిన్ అమెరికాలో చిన్న రైతులు ఇసుక, బూడిద, మట్టి సుడుల్లో వేస్తారని చెప్పి, పది సాళ్లలో వేసి, పక్కనే పది సాళ్లు వదిలేయమన్నారు. పన్నెండు రోజుల తరువాత చేనుకు వచ్చి చూశారు. ఇసుక వేసిన సాళ్లలో కొత్తగా దెబ్బతిన్న మొక్కలు తక్కువగా ఉన్నాయి. "పది సాళ్లు చూసి తేల్చేది కాదు" అని కూడా ఆవిడే అన్నారు. నేను రెండు మాటలూ రాశాను. డెస్కులో 'ఇసుకతో పురుగు మాయం' అన్న శీర్షిక పెట్టబోతే నేనే ఆపించాను.

జర్నలిజం చదివేటప్పుడు మాకు అభివృద్ధి సమాచార ప్రసారం అన్న పాఠం ఉండేది. 1971లో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో నోరా క్వెబ్రాల్ ఆ భావనకు పేరు పెట్టారని రాసి మార్కులు తెచ్చుకున్నాను. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు 'సైట్' ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు అందాయని, అందులో మన రాష్ట్రం కూడా ఉందని రాశాను. ఆ టీవీ ముందు కూర్చున్న ఆవిడ చొప్ప గురించి అడిగితే ఆ ప్రశ్న ఎవరికి చేరాలో మాత్రం నా జవాబు పత్రంలో లేదు. చేరవేయవలసినవాళ్లలో నేనొకణ్ని అని ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి నా వార్తల్లో మోతాదు ఎప్పుడూ పది లీటర్లకే రాస్తాను, అంకెతో పాటు అక్షరాల్లో కూడా. పేజీ పెట్టే కుర్రవాడికి ఆ సంగతి ఎందుకో ఒకసారి కూర్చోబెట్టి చెప్పాను. ఇప్పుడు మందు పేరు కనిపిస్తే అతనే ఫోను చేసి చదివి వినిపిస్తాడు. కౌలు రైతుల దగ్గరికి మాత్రం మేము ఇంకా సరిగా చేరలేదు. సభ అని చెబితే భూమి ఉన్నవాళ్లే వస్తారు, చేలో మందు కొట్టేది ఇంకొకరు. దానికి ఏం చేయాలో మేడమూ నేనూ ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాం.

2019 ఖరీఫ్‌కు ముందు పరిశోధన స్థానం నుంచి కొత్త కాగితం వచ్చింది. తెలుగులో, ఒక్క పేజీ. పురుగు గుర్తులు అన్నచోట 'తల మీద తలకిందులైన పంగలకర్ర, తోక దగ్గర మంచం కోళ్లలా నాలుగు చుక్కలు' అని ఉంది. దాని కింద పన్నెండు చెంబుల బొమ్మ. చొప్ప సంగతి అచ్చులో రాలేదు. మేడమ్ ప్రతి కాపీ మీదా దాన్ని పెన్నుతో రాసి పంపారు. పలక వేలాడదీసిన డీలరు దగ్గరికి ఒకటి తీసుకెళ్తే, పలక తీసేసి దాన్ని ఆ మేకుకే తగిలించాడు.