తెగిన మోకాలితో తొమ్మిది నెలలు

పడ్డది వేగంగా వెళ్తూ కూడా కాదు. స్కీయింగ్‌కి జనాన్ని కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ దిగి, వెనక వాళ్ళకి అడ్డు లేకుండా పక్కకి తిరగబోయి మెల్లగా వెనక్కి కూలబడ్డాను, అంతే. కాలికున్న స్కీ పలక మంచులో ఇరుక్కుంది, బూటు నుంచి ఊడలేదు, ఎడమ మోకాల్లో టప్‌మని శబ్దం. గట్టిగా పడితే స్కీ దానంతటదే ఊడుతుందట, ఇలా నెమ్మదిగా మెలిపడినప్పుడే ఒక్కోసారి ఊడదట. ఎమ్మారైలో ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్, పూర్తిగా తెగిందని వచ్చింది. ఫోన్లో అమ్మ, "నువ్వా చెక్కలు కట్టుకుని కొండ దిగకపోతే ఎవరేడ్చారే?"

నేనుండేది యూరప్‌లోని లిక్టెన్‌స్టైన్‌లో. దేశమంతా కలిపితే ఓ 40 వేల మంది. స్కీయింగ్‌కి ఉన్న ఊరు మాల్బున్ ఒక్కటే, 1600 మీటర్ల ఎత్తున. సోమవారం ఆఫీసులో అందరూ మంచు కబుర్లే చెబుతుంటే ఎన్నాళ్ళని తలూపుతాం, అందుకే నేర్చుకోబోయాను.

తొడ వెనక నరం లాంటి దాన్ని కొంత తీసి కొత్త లిగమెంట్‌గా వేశారు. ఆపరేషన్ కంటే తర్వాతి వారమే నరకం. పడుకుని, మోకాలు వంచకుండా కాలు పైకెత్తాలి, చిన్నపిల్లలు చేసే పని. ఎత్తమని బుర్ర చెబుతోంది, తొడ వినదు, ఎవరి కాలో తెచ్చి తగిలించినట్టు అలా పడుంది. ఏడ్చేశాను. అప్పుడు ఫిజియో అన్నాడు, "టీనాకి ఇలా ఎన్నిసార్లయిందో తెలుసా?"

ఇక్కడ టీనా అంటే స్కీ రేసర్ టీనా వైరాథర్, ఇంటిపేరు ఎవరూ చెప్పరు. వాళ్ళమ్మ హన్నీ వెన్జెల్ 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు, ఒక రజతం కొట్టింది. ఈ దేశానికి ఇప్పటిదాకా వచ్చిన ఒలింపిక్ స్వర్ణాలు ఆ రెండే. నాన్న ఆస్ట్రియా వాడు, 1982లో డౌన్‌హిల్ అనే స్కీ రేసులో ప్రపంచ ఛాంపియన్. దేశానికొచ్చిన 10 ఒలింపిక్ పతకాలూ స్కీయింగ్‌లోనివే, అందులో 7 మేనమామతో కలిపి ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి టీనేజీ నుంచే మోకాళ్ళు తెగడం మొదలు. మోకాలి వల్లే 2010 వాంకూవర్ ఒలింపిక్స్ చేజారింది. 2014 సోచిలో దేశం జెండా పట్టుకుని నడిచింది, తర్వాత ప్రాక్టీసులో పడి ఒక్క రేసూ ఆడకుండా తిరిగొచ్చింది. 2018 ఒలింపిక్స్‌లో సూపర్-జీ అనే స్కీ రేసులో కాంస్యం, నాలుగో స్థానంలో ఆగిన లారా గుట్‌కీ తనకీ తేడా సెకనులో నూరో వంతు. అందరూ ఆ కాంస్యం గురించే చెబుతారు గానీ నా మనసు సోచి దగ్గరే ఆగిపోయింది. జెండా మోసి, ఊరికే ఇంటికి రావడం! నేను ఏడ్చింది ఒక్క గదిలోనే, తనని దేశమంతా చూస్తోంది.

ఏడో వారం వ్యాయామం సైకిల్. పెడల్ పూర్తి చుట్టు తిరగదు. సగం ముందుకి, సగం వెనక్కి ఊయలలా ఊపుకుంటూ పదిహేను నిమిషాలు. ఒకరోజు పాట వింటూ ఏమరుపాటులో ఉన్నాను, పెడల్ పైకెళ్ళి అవతలకి దిగింది. చుట్టుపక్కల ఎవరూ పట్టించుకోలేదు, నేను మాత్రం దిగనని ఇంకో ఇరవై చుట్లు తొక్కాను.

తొమ్మిదో నెలలో ఒంటికాలి గెంతు టెస్ట్. కుడికాలి దూరంలో ఎడమ కాలు 90 శాతమైనా గెంతాలి. మొదటిసారి 82. ఇంకో ఐదు వారాలు పట్టింది.

జనవరిలో అదే లిఫ్ట్ ఎక్కాను. దిగే చోట కాళ్ళు వణికాయి, మోకాలు మాత్రం బాగానే ఉంది. వెనక నుంచి ఐదేళ్ళ పిల్ల హెల్మెట్టుతో రయ్యిమని పక్కనుంచి పోయింది. నేను పక్కకి తిరగలేదు, తిన్నగా ముందుకి జారి, బాగా ఖాళీగా ఉన్న చోట ఆగాను.