లండన్‌లో ఒక్క సాయంత్రం ఉంటే ఏ షో, ఏ సీటు?

లండన్ వెళ్ళేవాళ్ళు అక్కడి నాటకశాలల పేట వెస్ట్ ఎండ్‌లో ఒక షో చూద్దామనుకోగానే అడిగే మొదటి ప్రశ్న, "అన్నిటికన్నా ఫేమస్ ఏది?" పేరు చూసి షో, ధర చూసి సీటు ఎంచుకుంటారు. ఈ రెండూ విడివిడిగా తేల్చుకునేవి కావు. ముందు వరసల్లో ఒళ్ళు పులకరించే సన్నివేశం, అదే హాల్లో చివరి వరసల వాళ్ళకి సగమే కనిపించవచ్చు. షో, సీటు, రోజు, వేళ నాలుగూ కలిపి ఆలోచించాలి.

ముందు సీట్ల సంగతి. మన సినిమా హాళ్ళలో నేల చవక, బాల్కనీ ఖరీదు. అక్కడ తలకిందులు. కింది అంతస్తు స్టాల్స్, ఖరీదైన సీట్లు చాలావరకు అక్కడే. దానిపైన డ్రెస్ సర్కిల్ లేదా రాయల్ సర్కిల్, ఆపైన అప్పర్ లేదా గ్రాండ్ సర్కిల్, కొన్నిచోట్ల ఇంకా పైన బాల్కనీ. పెద్ద మ్యూజికల్స్‌కి, అంటే పాటలతో నడిచే నాటకాలకి, టికెట్ ధర చిట్టచివరి పై వరసల్లో సుమారు 25–30 పౌండ్ల దగ్గర మొదలై, స్టాల్స్ నడుమ 150 దాటిపోతుంది. అదే సీటు శనివారం రాత్రి ఒక ధర, మంగళవారం మరో ధర. రోజు మార్చుకోగలిగితే అదే డబ్బుకి రెండు మెట్లు మంచి సీటు వస్తుంది.

స్టాల్స్ వెనక వరసల్లో ఒక ఇబ్బంది ఉంది. పై సర్కిల్ అంతస్తు ముందుకు పొడుచుకొచ్చి నెత్తిమీద కప్పులా ఉంటుంది. దానికింద కూర్చుంటే స్టేజీ పైభాగం కోసుకుపోతుంది. ద ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరాకి ఇది నిజమైన నష్టం. 1986 నుంచి హిజ్ మెజెస్టీస్ థియేటర్‌లో ఆడుతున్న ఈ షోలో హాలు కప్పుకి వేలాడే షాండ్లియరే, అంటే పెద్ద దీపాల గుత్తే, ఒక పాత్ర. అది పైకి లేవడం, మొదటి అంకం చివర కిందికి దూసుకురావడం చూడకపోతే అసలు ముచ్చట తీరనట్టే. దీనికి స్టాల్స్ ముందు సగం గానీ, రాయల్ సర్కిల్ ముందు వరసలు గానీ తీసుకోండి. సురభి వాళ్ళ తెరలూ ట్రిక్కులూ చూసి మురిసిపోయేవాళ్ళకి వెస్ట్ ఎండ్‌లో నేను మొదట చెప్పే షో ఇదే.

లైసియమ్ థియేటర్‌లోని ద లయన్ కింగ్‌కి లెక్క వేరు. మొదటి పాటలోనే జంతువుల వేషగాళ్ళు స్టాల్స్ నడవల్లోంచి స్టేజీ మీదికి నడిచి వెళ్తారు. ఏనుగు మీ భుజం పక్కనుంచే పోవాలంటే స్టాల్స్‌లో నడవ పక్క సీటు కావాలి. పై అంతస్తుల్లో ఆ ఊరేగింపు చాలావరకు కనిపించదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు డబ్బు ఖర్చుపెట్టదగ్గ చోటు ఇది. ఆరేళ్ళు దాటిన పిల్లలకైతే బాగుంటుందని షో వాళ్ళే చెబుతారు.

విక్టోరియా ప్యాలెస్ థియేటర్‌లోని హామిల్టన్‌కి మాత్రం నేను సర్కిల్ ముందు వరసలే మేలంటాను. స్టేజీ నేలలో ఒకదానిలో ఒకటి తిరిగే రెండు చక్రాలున్నాయి. వాటిమీద నటులు కదిలే తీరు పైనుంచి చూస్తేనే పూర్తిగా అర్థమవుతుంది. ద మౌస్‌ట్రాప్ అనే హత్య మిస్టరీ నాటకం ఆడే సెయింట్ మార్టిన్స్ థియేటర్‌లో ఉన్నవి సుమారు 550 సీట్లే, వెనక కూర్చున్నా మొహాలు కనిపిస్తాయి. వికెడ్ ఆడే అపోలో విక్టోరియాలో రెండువేల పైచిలుకు సీట్లు. అక్కడ చివరి వరస అంటే నిజంగా దూరమే.

సీటు ఖాయం చేసే ముందు సీట్‌ప్లాన్ వెబ్‌సైట్‌లో ఆ థియేటర్, ఆ వరస వెతికి, ప్రేక్షకులు అక్కణ్ణుంచి తీసిన ఫోటోలు చూడండి. టికెట్ మీద "రిస్ట్రిక్టెడ్ వ్యూ" అని ఉంటే ఏది అడ్డమో తెలుసుకోవాలి. స్తంభమైతే వద్దు. పక్కకి జరిగిన సీటు వల్ల స్టేజీ ఓ మూల మాత్రమే పోతుంటే, ఆ తగ్గింపు ధరకి తీసుకోవచ్చు. సర్కిల్ మొదటి వరసలో రక్షణ కమ్మీ పొట్టివాళ్ళ కళ్ళకి అడ్డొస్తుంది. పిల్లలకి ఎత్తు దిండ్లు చాలా థియేటర్లలో ఇస్తారు, అడగాలి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మెట్ల సంగతి ముందే చూసుకోండి. ఈ థియేటర్లలో చాలావాటికి నూరేళ్ళు దాటాయి. పై అంతస్తులకి లిఫ్ట్ లేనివి ఎన్నో. పైకి వెళ్ళేకొద్దీ మెట్లు నిటారు, మోకాళ్ళకి చోటు తక్కువ. మోకాళ్ళ నొప్పులుంటే టికెట్ కొనేముందే థియేటర్‌కి ఫోన్ చేసి, మెట్లు అతి తక్కువగా ఉన్న సీట్లేవో అడగండి. ఓపిగ్గా చెబుతారు.

ఇక భాష. మామూలు ప్రదర్శనల్లో సబ్‌టైటిల్స్ ఉండవు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లె మిజరాబ్ల్ దాదాపు మొత్తం పాటలే, కథ కూడా పాటల్లోనే నడుస్తుంది. కథ ముందే చదువుకుని వెళ్తే ఆ సుమారు మూడు గంటలూ ఇట్టే గడుస్తాయి. హామిల్టన్‌లో ర్యాప్ వేగానికి ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే తడబడతారు, కనీసం వారం ముందు నుంచి పాటలు వినండి. మౌస్‌ట్రాప్‌కి మాత్రం ఏమీ చదవొద్దు. హంతకుడెవరో బయట చెప్పొద్దని షో అయ్యాక ప్రేక్షకుల్ని అడిగే ఆచారం ఉంది. 1952లో మొదలైన నాటకం ఇంకా నిలబడడానికి అదీ ఒక కారణం. యాస పట్టుకోలేనివాళ్ళు కేవలం మాటల నాటకం కన్నా డాన్స్, దృశ్యం ఎక్కువున్న మ్యూజికల్ ఎంచుకోవడం మంచిది. మరో దారి, క్యాప్షన్ ప్రదర్శనలు. స్టేజీ పక్కన తెరమీద మాటలు పడతాయి. ఉద్దేశించింది వినికిడి లోపం ఉన్నవాళ్ళకే అయినా టికెట్ ఎవరైనా కొనుక్కోవచ్చు. థియేటర్ వెబ్‌సైట్‌లో యాక్సెస్ పేజీలో తేదీలుంటాయి.

వేళ కూడా అంతే ముఖ్యం. సాయంత్రం షో ఎక్కువగా 7:30కి. ఇండియాలో అప్పటికి వేసవైతే అర్ధరాత్రి 12, చలికాలమైతే ఒంటిగంట. దిగిన రోజు రాత్రికి టికెట్ కొంటే రెండో అంకంలో నిద్ర ఆపుకోలేరు. మూడోనాడో నాలుగోనాడో పెట్టుకోండి. లేదా మధ్యాహ్నం 2:30 మ్యాటినీకి వెళ్ళండి, బుధ, గురువారాల్లో ఒకరోజు, శనివారం ఉంటాయి. చాలా షోలకి ఆదివారమో సోమవారమో సెలవు. 80 నిమిషాల్లో ఇంటర్వెల్ లేకుండా అయిపోయే సిక్స్ లాంటివి అలసిన సాయంత్రానికి సరిగ్గా సరిపోతాయి.

డబ్బు తక్కువైతే షేక్‌స్పియర్ నాటకాలాడే గ్లోబ్ ఉంది. థేమ్స్ ఒడ్డున 1997లో తెరిచిన ఈ ఓపెన్ ఎయిర్ థియేటర్‌లో స్టేజీ ముందు నిలబడి చూసే టికెట్లు అయిదు పౌండ్ల నుంచి దొరుకుతాయి. నిజంగా నిలబడాలి, నేలమీద కూర్చోనివ్వరు. వాన పడితే గొడుగు తెరవనివ్వరు, రెయిన్‌కోట్ తీసుకెళ్ళాలి. షేక్‌స్పియర్ భాష కష్టమే కనుక మీకు కథ తెలిసిన నాటకమే ఎంచుకోండి. నేషనల్ థియేటర్ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి మరుసటి వారానికి కొన్ని టికెట్లు పది పౌండ్లకి ఆన్‌లైన్‌లో పెడుతుంది.

టికెట్ కొనేటప్పుడు మొదట థియేటర్ సొంత వెబ్‌సైట్ ధర చూసి, తర్వాతే ఇతర చోట్ల పోల్చండి. బుకింగ్ ఫీజు కలిపాక ఎంతో చూడాలి. లెస్టర్ స్క్వేర్ చుట్టూ "సగం ధర" బోర్డులు చాలా కనిపిస్తాయి. థియేటర్ల సంఘం నడిపేది ఆ స్క్వేర్ తోటలోని టీకేటీఎస్ అనే టికెట్ బూత్ ఒక్కటే. ఆరోజు ఏ షోలకి తగ్గింపు ఉందో దాని వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుంది. కొన్ని షోలు టుడేటిక్స్ యాప్‌లో ఉదయం పదికి రష్ టికెట్లు, అంటే ఆరోజు షోకి తగ్గింపు ధర టికెట్లు, వదులుతాయి. ఒక్కరే వెళ్తుంటే ఇవి దొరికే అవకాశం ఎక్కువ, విడిగా మిగిలే సీట్లు ఎప్పుడూ ఉంటాయి. నలుగురు పక్కపక్కన కూర్చోవాలంటే వీటిని నమ్ముకోవద్దు, వారాల ముందే కొనేయండి.

పెద్ద బ్యాగులు హోటల్లోనే వదిలి, అరగంట ముందు చేరుకోండి. ఆలస్యమైతే సరైన విరామం వచ్చేదాకా లోపలికి పంపరు, కొన్ని షోలకి అది ఇంటర్వెలే.