కారులో సిగరెట్ కంపు మీద మూడు వారాల పని

మొదటి రోజు

కొనాలనుకున్న పాత కారు చూడ్డానికి వెళ్లింది పొద్దున్నే. అద్దాలన్నీ దించి ఉన్నాయి, లోపల పర్ఫ్యూమ్ సీసా వేలాడుతోంది. ఇంజన్, టైర్లు, కింద తుప్పు అన్నీ చూసుకున్నాను కానీ అద్దాలు ఎత్తించి ఓ పది నిమిషాలు లోపల కూర్చోవాలని తోచలేదు. ఇంటికి తెచ్చి ఎండలో పెట్టి, మధ్యాహ్నం తలుపు తీస్తే గుప్పుమంది. ఏళ్ల తరబడి పేరుకున్న సిగరెట్ కంపు.

అక్క చంటిదాన్ని ఎత్తుకుని వచ్చి, సగం తెరిచిన తలుపు దగ్గరే ఆగిపోయింది. "ఒరేయ్, ఇందులో దీన్ని ఎక్కించనురా" అంది. తనన్నదే నిజం. పాకే వయసు పిల్ల సీటుని తడుముతుంది, బెల్టుని నోట్లో పెట్టుకుంటుంది. పొగతో వచ్చిన తారు, నికోటిన్ అంటుకుని ఉండేది సరిగ్గా వాటి మీదే. ఈ పనిని ఇంత పట్టుగా చేయడానికి కారణం ఆ పిల్లే.

పర్ఫ్యూమ్ సీసా తీసి పారేశాను. అది ఉన్నంతసేపూ ఎంత తగ్గిందో తెలియదు.

రెండో రోజు

మ్యాట్లు, సీటు కవర్లు, గ్లవ్ బాక్స్‌లో కాగితాలు, అన్నీ బయటికి తీసి వాక్యూమ్ కొట్టాను. ముందు సీట్లను పూర్తిగా ముందుకి జరిపి వెనక, వెనక్కి జరిపి ముందు. సీటు పట్టాల సందులో బూడిద గట్టిపడి ఉంది, సన్న బ్రష్‌తో గీకితే గానీ రాలేదు. డ్రైవర్ సీటు కింద రెండు సిగరెట్ పీకలు దొరికాయి. యాష్‌ట్రేని సబ్బునీళ్లలో నానబెట్టాను.

సీట్లు విప్పేద్దామా అనిపించింది. కానీ కింద పసుపు రంగు కనెక్టర్లు ఉన్నాయి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ తీయకుండా వాటి జోలికి పోకూడదు. సీట్లు అక్కడే ఉంచి పని చేయాలని నిర్ణయించుకున్నాను.

మూడు, నాలుగో రోజులు

ముందు అద్దం లోపలి వైపుతో మొదలుపెట్టాను. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డ తడిపి గట్టిగా పిండి, పైనుంచి కిందికి ఒక్కసారి లాగాను. గుడ్డ మీద తుప్పునీళ్ల రంగులో చారిక పడింది. అద్దం మీద గుడ్డ పోయిన మేర మాత్రం బయటి వెలుతురు తెల్లగా కనిపించింది. అంతవరకూ ఆ అద్దం బాగానే ఉందనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకుంటే మిగతా పనంతా తేలికవుతుంది. కంపు ఉన్నది గాలిలో కాదు, ప్రతి వస్తువు మీదా పట్టిన జిగురు పొరలో. వేడి తగలగానే ఆ పొరలోంచి కొంత ఆవిరై గాల్లోకి లేస్తుంది, అందుకే మధ్యాహ్నం ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. ఎన్ని రోజులు తలుపులు తెరిచి పెట్టినా పొర పోదు, దాన్ని తుడిచి తీయాల్సిందే. నికోటిన్‌ది క్షార గుణం. వెనిగర్‌లోని ఆమ్లంతో కలిస్తే లవణంగా మారుతుంది. ఆ లవణం గాల్లోకి లేవదు, నీళ్లలో కరిగి గుడ్డకి వచ్చేస్తుంది. తారు మరకలకి మాత్రం సబ్బు కావాలి. అందుకే డాష్‌బోర్డు, డోర్ ప్యానెళ్లు, స్టీరింగ్, అద్దాల మధ్య నిలువు పిల్లర్ల ప్లాస్టిక్ అన్నీ మొదట పలచని సబ్బు క్లీనర్‌తో, ఆ తర్వాత వెనిగర్ నీళ్లతో, చివర మంచినీళ్లతో తుడిచాను. ఏసీ గ్రిల్స్‌కి మెత్తని బ్రష్ వాడాను. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, నికోటిన్ చర్మంలోంచి లోపలికి పోతుంది. కిటికీలకి సన్ ఫిల్మ్ ఉంటే అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడొద్దు, ఫిల్మ్ పాడవుతుంది.

గుడ్డలు పద్దెనిమిది అయ్యాయి. మురికి గుడ్డతో రెండో చోట తుడిస్తే పొరని అక్కణ్ణించి ఇక్కడికి పూసినట్టే.

ఆరో రోజు: రూఫ్

నా లెక్కలో అసలు పని ఇదే. పొగ వేడిగా పైకి లేస్తుంది, మొదట తగిలేది రూఫ్ లైనింగే. చాలామంది సీట్లు కడిగించి, రూఫ్ వదిలేసి, కంపు పోలేదని బాధపడతారు. సన్‌వైజర్ కిందికి దించి చూడండి, దాని చాటున ఉన్న గుడ్డ రంగు ఒకటి, మిగతా రూఫ్ రంగు ఇంకొకటి. నా కారులో చాటున లేత బూడిద రంగు, డ్రైవర్ తలపైన మట్టి రంగు.

కానీ దీన్ని సీటులా కడగడానికి వీల్లేదు. పైగుడ్డ, దాని వెనక పలచని ఫోమ్, ఆ వెనక అట్ట, వీటిని కలిపి పట్టి ఉంచేది జిగురు. బాగా తడిస్తే జిగురు వదిలి గుడ్డ సంచిలా వేలాడుతుంది. అందుకని రూఫ్ మీద ఏదీ నేరుగా స్ప్రే చేయలేదు. నురుగు క్లీనర్‌ని గుడ్డ మీద తీసుకుని, అరచేయంత మేర, ఒకే దిశలో, రుద్దకుండా అద్దుతూ లాగాను. వెంటనే తడి పిండిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి. అలా ముందునుంచి వెనక్కి వెళ్లడానికి నాలుగు గంటలు పట్టింది, మెడ పట్టేసింది. లైటు పక్కన ఒక్కచోట మరక మొండిగా ఉందని రెండుసార్లు ఎక్కువ తుడిచాను. నాణెమంత మేర గుడ్డ ఉబ్బింది. అక్కడితో చేయి తీసేసి ఫ్యాన్ పెట్టాను. ఆరాక చాలావరకు సర్దుకుంది, వేలితో తడిమితే మాత్రం తెలుస్తుంది. మరక పూర్తిగా పోకపోయినా పర్వాలేదు, రెండు రోజులు ఆరనిచ్చి మళ్లీ చేయొచ్చు. నేనలాగే చేశాను.

తొమ్మిదో రోజు

గుడ్డ సీట్లు, కార్పెట్. నీళ్లు చల్లి వెంటనే వెనక్కి లాగే మెషీన్ ఒకటి అరువు తెచ్చాను. మొదటి ట్యాంకులో నీళ్లు నల్లగా వచ్చాయి, నాలుగో ట్యాంకుకి మసక తెలుపు. సీటులో నీళ్లు నిలిస్తే సిగరెట్ కంపు పోయి బూజు కంపు వస్తుంది, కాబట్టి తడపడం కంటే లాగడం మీద ఎక్కువసేపు ఉండాలి. తలుపులు తెరిచి రెండు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టాను.

పన్నెండో రోజు

ఏసీ. పొగతాగేవాళ్లు అద్దాలెత్తి లోపలి గాలినే తిప్పుతూ ఉంటే ఆ పొగ ఎవాపరేటర్ మీద, అంటే ఏసీలో గాలిని చల్లబరిచే భాగం మీద కూడా పడుతుంది. గ్లవ్ బాక్స్ వెనక, లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ తీస్తే తడిసిన కాగితం, బూడిద కలిసిన వాసన. ఎవాపరేటర్‌కి నురుగు క్లీనర్ పట్టించి, అది కరిగి కింద డ్రెయిన్ గొట్టంలోంచి మురికిగా కారేదాకా ఆగాను. తర్వాత అద్దాలు దించి ఫ్యాన్ ఫుల్‌లో అరగంట. కొత్త ఫిల్టర్ యాక్టివేటెడ్ కార్బన్ (వాసన పీల్చే బొగ్గు) ఉన్నది తెచ్చి, బాణం గుర్తు చూసుకుని పెట్టాను. దీన్ని మొదటి రోజే పెడితే ఆ కంపంతా పీల్చుకుని పాడయ్యేది.

ఇక వంటసోడా, బొగ్గు సంచులు. కార్పెట్ పూర్తిగా ఆరాక సోడా చల్లి, రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేశాను. సీట్ల కింద బొగ్గు సంచులు పెట్టాను. ఇవి మిగిలిన కాస్తనీ పడతాయి, అంతే.

స్నేహితుడు ఓజోన్ మెషీన్ ఇస్తానన్నాడు, కంపు పోగొట్టడానికి ఓజోన్ వాయువుని వదిలేది. వద్దన్నాను. ఓజోన్ ఊపిరితిత్తులకి హాని, రబ్బరుని పెళుసు చేస్తుంది, పైగా పొర ఉన్నచోటే ఉంటుంది. చంటిపిల్ల ఎక్కే కారులో అది పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

పదిహేనో రోజు

ఇన్నాళ్లూ లోపలే ఉన్న నా ముక్కుని నమ్మలేను, అలవాటు పడిపోయింది. ఉతికిన నూలు గుడ్డ ముక్కలు ఐదు తీసుకుని రూఫ్ దగ్గర, డ్రైవర్ సీటు మీద, కార్పెట్ మీద, వెనక బెల్టు దగ్గర, డిక్కీలో ఒక్కోటి పెట్టి, అద్దాలెత్తి రాత్రంతా ఉంచాను. పొద్దున విడివిడిగా గాజు సీసాల్లో వేసి మూత బిగించి, ఏది ఎక్కడిదో చెప్పకుండా అక్కకిచ్చాను. మూడింటికి తల అడ్డంగా ఊపింది. నాలుగోది ముక్కు దగ్గర పెట్టుకోగానే "ఇదిగో, ఇది" అంది. వెనక బెల్టుది. ఐదోది డిక్కీది, "కొంచెం" అంది.

బెల్టులు మర్చిపోయానని అప్పుడు వెలిగింది. చుట్టుకుని లోపలే ఉండే పట్టీ నాకు కనపడలేదు. నాలుగింటినీ చివరిదాకా లాగి, వెనక్కి పోకుండా పైన క్లిప్ పెట్టి, గోరువెచ్చని సబ్బునీళ్లతో రెండు వైపులా తోమాను. బ్లీచ్ తగలనివ్వకూడదు, పట్టీ బలం తగ్గిపోతుంది. పూర్తిగా ఆరేదాకా, ఒక రాత్రీ ఒక పగలూ, క్లిప్పులు తీయలేదు.

ఇరవై ఒకటో రోజు

మధ్యాహ్నం ఎండలో మూడు గంటలు మూసి ఉంచి అక్కని పిలిచాను. తలుపు తీసి తల లోపలికి పెట్టింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వెనక సీట్లో కూర్చుని, "దాన్ని ఇలా ఇవ్వరా" అని చేతులు చాపింది.

డిక్కీలో స్పేర్ టైరు గుంటలో పరిచిన ఫెల్ట్ ఒక్కటే ఇంకా కొంచెం వాసన వస్తోంది. తీసి ఉతికాను, దండెం మీద ఆరుతోంది.