డబ్బులు గోవిందా అంటే స్వామి తీసుకున్నట్టా?

కార్తీక మాసంలో మా వీధిలో చీటీలు నడిపే ఆయన రాత్రికి రాత్రే ఇల్లు ఖాళీ చేసి పోయాడు, పేరెందుకులెండి ఇప్పుడు, మావి 80 వేలు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఇంకో రెండు నెలలాగి చీటీ పాడుకుందాం అనుకుంటా ఉన్నాం. ఆ సంగతి తెలిసిన సాయంత్రం మా అమ్మ వరండాలో కూర్చోని పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు పితుకుతా ఉంది, పక్కన మా పాప, ఆరేళ్ళది, గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కి లోపలి పప్పు ఎగిరి గోడకి తగిలేట్టు ఆట ఆడుకుంటోంది. మా అమ్మ తల కూడా ఎత్తకుండా "ఇంగేముందిరా, డబ్బులు గోవిందా" అనింది.

పాప నొక్కడం ఆపేసింది. "గోవిందా అంటే స్వామి కదవ్వా, మన డబ్బులు స్వామి ఎత్తుకున్నాడా?"

"ఆయన ఎందుకు ఎత్తుకుంటాడు మే, ఆయనే కుబేరుడికి వడ్డీ కట్టలేక అవస్థ పడతా ఉంటే" అనింది మా అమ్మ. అందరం నవ్వేశాం, ఆ రోజు మా ఇంట్లో ఎవరైనా నవ్వుతారని నేను అనుకోలా. కానీ ఆ పిల్ల ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తిరుపతిలో పుట్టి పెరిగినా ఎప్పుడూ తట్టలేదు చూడండి, మోసపోయినప్పుడు మనం వాడే మాటలు ఎన్ని మా కొండ మీంచే దిగొచ్చాయో. డబ్బులు గోవిందా, వాడు పంగనామం పెట్టాడు, శఠగోపం పెట్టాడు, గుండు కొట్టించాడు. మొక్కు తీర్చుకునే చోట మాటలన్నీ మోసపోయిన చోటికి ఎట్లా పోయాయి? స్వామికి కోపం రాదా?

మాటకి అర్థం ఎక్కడినించి వస్తుంది అని మన పెద్దవాళ్ళు శతాబ్దాల తరబడి కొట్టుకున్నారు. వేదవాక్యాలకి అర్థం తేల్చే మీమాంసకులేమో మాటకీ అర్థానికీ సంబంధం పుట్టుకతోనే ఉంది, ఎవరూ పెట్టింది కాదు అన్నారు. తర్కం చెప్పే నైయాయికులేమో కాదయ్యా, ఈ మాట నుంచి ఈ అర్థం తెలుసుకోవాలి అని ఈశ్వరుడు పెట్టిన సంకేతమే అది అన్నారు. ఆ రెండో మాటని అందరికీ అర్థమయ్యేట్టు తర్కసంగ్రహంలో రాసిన అన్నంభట్టు మన తెలుగాయనే, వాళ్ళ నాన్న పేరు కూడా తిరుమలాచార్యులు. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడు అని సంస్కృతంలో సామెత కూడా ఉంది. ఆయన ఏమంటాడంటే పదాలు వరసగా పెడితే వాక్యం అయిపోదు, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని ఊరికే చదివితే ఒకదానికొకటి అక్కర్లేదు కాబట్టి ఆకాంక్ష లేదు, అది వాక్యం కాదు. నిప్పుతో తడుపు అంటే కుదరదు, యోగ్యత లేదు. ఒక పదం ఇప్పుడు చెప్పి ఇంకో పదం జాము తర్వాత చెప్తే సన్నిధి లేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కొండ మీద దర్శనానికి ఆగే క్యూ కాంప్లెక్స్ గుర్తొస్తుంది, అక్కడ కంపార్ట్‌మెంట్లో కూర్చున్నోళ్ళందరికీ ఆకాంక్ష బోలెడు ఉంటుంది, యోగ్యత సంగతి ఆయనకే తెలియాలి, సన్నిధి మాత్రం ఎన్ని జాములు పడుతుందో చెప్పలేం. సరే, జోకులు పక్కన పెడదాం.

మా పాప ప్రశ్నకి జవాబు శాస్త్రంలో లక్షణ అనే దాని దగ్గర ఉంది. గంగాయాం ఘోషః అని పాత ఉదాహరణ, అంటే గంగలో గొల్లపల్లె. నదిలో ఇళ్ళు ఉండవు కదా, కాబట్టి గంగ అనే మాట నీళ్ళని వదిలేసి గట్టుని పట్టుకుంటుంది. మా ఊళ్ళో దీనికి రోజూ ఒక ఉదాహరణ దొరుకుతుంది, హైదరాబాద్ నుంచి చుట్టాలొచ్చి "తిరుపతిలో దర్శనం బాగా అయింది" అంటారు, వాళ్ళు చెప్పేది కొండ గురించి, మేమేమో కొండకి పోయొచ్చాం అంటాం, తిరుపతి అంటే మాకు బస్టాండు, గాంధీ రోడ్డు, కరెంటు బిల్లు. ఒకే పేరు, వాళ్ళకి పైకెక్కి కూర్చుంటుంది, మాకు కిందే ఉంటుంది.

అయితే గట్టు మీద గొల్లపల్లె అని సాఫీగా చెప్పొచ్చు కదా, గంగలో అని ఎందుకనాలి? దానికి ఆలంకారికులు, అంటే కవిత్వానికి శాస్త్రం రాసినవాళ్ళు, చెప్పిన జవాబు నాకు చాలా ఇష్టం, ఆ చల్లదనం, ఆ పావనత్వం కూడా మాటలోకి రావాలని. గట్టు అంటే అవి రావు. మరి డబ్బులు పోయాయి అనకుండా డబ్బులు గోవిందా అనడంలో వచ్చే చల్లదనం ఏంటి? నాకు తోచింది చెప్తా, తప్పైతే క్షమించండి. మా వైపు శవాన్ని ఎత్తేటప్పుడు గోవిందా గోవిందా అంటారు. హుండీలో కానుక వేసేటప్పుడూ అంటారు. రెండు చోట్లా పోయింది మళ్ళీ తిరిగి రాదు, కానీ ఎవడో లాక్కుపోయినట్టు ఉండదు, అప్పజెప్పినట్టు ఉంటుంది. నేను ఆ సాయంత్రం "పోయాయి, పోయాయి" అని వరండాలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతున్నా, మా అమ్మ "గోవిందా" అని అనపగింజలు పితుక్కుంటా ఉంది. రెండు మాటలూ ఒకటే అని డిక్షనరీ చెప్తే నేను నమ్మను.

ఇక శఠగోపం సంగతి. మా ఆవిడ ఫోన్లో వాళ్ళ అక్కతో "మాకు శఠగోపం పెట్టి పోయాడక్కా" అని ఓ పది సార్లన్నా చెప్పి ఉంటుంది, పాప వింటానే ఉంది. ధనుర్మాసంలో ఒక తెల్లారుజామున గోవిందరాజస్వామి గుడికి తీసుకెళ్ళా. కూడారై మరుసటి రోజు, అంటే గోదమ్మ, అదే ఆండాళ్, పాడిన తిరుప్పావైలో 28వ పాశురం (పాట) చదివే రోజు. ధనుర్మాసం నెలంతా కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావైనే కదా. చలికి పాప ఉన్ని టోపీ పెట్టుకోనుంది, లోపల తీసేయించా. అర్చకస్వామి తీర్థం ఇచ్చారు, పచ్చకర్పూరం వాసనకి మొహం వికసించింది, తర్వాత ఆయన వెండి శఠగోపం ఎత్తి తల మీద పెట్టబోతే టక్కున వంగి నా కాళ్ళ వెనక దాక్కునింది. "వద్దు! డబ్బులు పోతాయి!"

వెనక లైన్లో ఉన్నోళ్ళు ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. అర్చకస్వామి మాత్రం ఏమీ అనుకోలేదు, శఠగోపాన్ని కిందికి దించి పాప కళ్ళ ముందు పెట్టి పైభాగం చూపించారు. "ఇవేంటివి చెప్పు?" అని. పాప చూసి "కాళ్ళు" అనింది. "ఎవరివి?" అంటే తలెత్తి లోపల శయనించి ఉన్న స్వామి వైపు వేలు చూపించింది. ఆ తర్వాత తనే తల వంచింది.

శఠగోపం అన్న పేరు నమ్మాళ్వారుది, తమిళంలో విష్ణువు మీద పాటలు పాడిన ఆళ్వారుల్లో ఒకాయన. ఆయన్నే శఠకోపులు అంటారు. పుట్టే బిడ్డని శఠం అనే వాయువు తాకి అన్నీ మరిపిస్తుందట, అందుకే బిడ్డ ఏడుస్తుందట, ఈయన ఆ వాయువు మీదే కోపించి దూరంగా తరిమేశాడు కాబట్టి శఠకోపుడు. సంస్కృతంలో శఠుడు అంటే మోసగాడని కూడా అర్థం, అంటే మోసగాళ్ళ మీద కోపం ఉన్న ఆయన పేరుని మనం మోసానికే వాడుకుంటున్నాం, తల మీద టోపీ పెట్టడం అనే మాట గుడిలోకి వెళ్ళి శఠగోపం అయ్యుంటుందని నా ఊహ. పుట్టినప్పుడు నమ్మాళ్వారు ఏడవలేదు, పాలు తాగలేదు, మాట్లాడలేదు, ఆళ్వార్‌తిరునగరిలో చింతచెట్టు కింద 16 ఏళ్ళు అట్లానే ఉన్నాడని గురుపరంపర కథ. మధురకవి అనే ఆయన వచ్చి ఒక ప్రశ్న అడిగాడు, చచ్చినదాని కడుపులో చిన్నది పుడితే దేన్ని తిని ఎక్కడ పడుంటుంది అని. దానికి ఆయన మొట్టమొదటిసారి నోరు తెరిచి చెప్పిన జవాబు, దాన్నే తిని అక్కడే ఉంటుంది. పెద్దలు దీనికి దేహం, జీవుడు అని అర్థం చెప్తారు, బాగుంది, కానీ నన్ను ఆపేసింది ఇంకొకటి. 16 ఏళ్ళ మౌనం తర్వాత ఆయన నోట వచ్చినవి అది, అక్కడ అనే మాటలు. ఒంటరిగా చూస్తే వాటికి ఏ అర్థమూ లేదు, ఎవరు ఏది చూపిస్తున్నారో తెలిస్తేనే అర్థం. మధురకవికి తెలిసింది, శిష్యుడైపోయాడు.

ఈ వేలు చూపించడం గురించే పెద్ద వాదం ఉంది. మీమాంసకుల్లోనే ఒక వర్గం ప్రాభాకరులు, వాళ్ళు ఏమంటారంటే పిల్లలు మాటలు నేర్చుకునేది పనిని చూసే. పెద్దాయన "ఆవుని తే" అంటాడు, కుర్రాడు ఆవుని తెస్తాడు, తర్వాత "గుర్రాన్ని తే" అంటాడు, చూస్తున్న పిల్లవాడు ఏది మారిందో ఏది మారలేదో చూసి లెక్క కట్టుకుంటాడు. ఆజ్ఞ లేకపోతే అర్థం లేదు అంటారు వాళ్ళు. రామానుజులవారు బ్రహ్మసూత్రాలకి రాసిన శ్రీభాష్యంలో దీన్ని ఒప్పుకోలేదు. అమ్మా నాన్నా బిడ్డకి వేలితో చూపించి అమ్మ, నాన్న, మేనమామ, చంద్రుడు, పక్షి, పాము అని మళ్ళీ మళ్ళీ చెప్తారు, అట్లా నేర్చుకోడా అన్నారు. ఆ వరసలో మేనమామ ఉండటం నాకెంత ముచ్చటేసిందో, ఎందుకంటే రామానుజులకి రామాయణం చెప్పిన తిరుమలనంబి స్వయానా ఆయన మేనమామే, అదీ ఇక్కడే, కొండ కింద, ఏడాది పాటు.

పడమటి దేశాల్లో కూడా ఇదే గొడవ జరిగింది. విట్గెన్‌స్టైన్ అని ఒక తత్వవేత్త, ఆయన పోయాక 1953లో అచ్చయిన పుస్తకం సరిగ్గా ఈ విషయంతోనే మొదలవుతుంది, పెద్దవాళ్ళు వస్తువుని చూపించి పేరు చెప్తే నేను మాటలు నేర్చుకున్నా అని అగస్టీన్ రాసుకున్నది తీసుకోని ప్రశ్నలు వేస్తాడు. చందమామని చూపిస్తే బిడ్డకి మీరు చూపించేది గుండ్రాన్నా, తెలుపునా, పైకి లేచిన మీ వేలినా ఎట్లా తెలుస్తుంది? మాటని ఎట్లా వాడుతున్నామో చూడు, చాలామటుకు అదే దాని అర్థం అంటాడు. ఆయన లెక్కన మా పాప తప్పేం చేయలేదు, మా ఇంట్లో శఠగోపం అనే మాట వాడింది చీటీ ఆయన కోసమే, గుడి కోసం కాదు. సిగ్గుపడాల్సింది నేను, పాప కాదు.

పేర్ల గురించి ఇంకొక్క మాట. ఫ్రేగె అని జర్మనీ తత్వవేత్త 1892లో ఒకటి చెప్పాడు, పొద్దున కనిపించే వేగుచుక్క, సాయంత్రం కనిపించే చుక్క, రెండూ శుక్రగ్రహమే, వస్తువు ఒకటే కానీ రెండు పేర్లూ దాన్ని రెండు రకాలుగా చూపిస్తాయి. ఉత్తరాది వాళ్ళకి బాలాజీ, మా అమ్మకి ఏడుకొండలవాడు, అప్పులున్నోళ్ళకి వడ్డికాసులవాడు. రామానుజులు ఇంకా ముందుకి పోయారు. మనిషి, ఆవు అనే మాట ఆ ఒంటి దగ్గర ఆగదు, లోపలున్న జీవుడి దాకా పోతుంది, ఆ జీవుడు కూడా స్వామికి శరీరమే కాబట్టి అక్కడా ఆగకుండా స్వామి దాకా పోతుంది, లోకంలో ఏ మాటైనా సరే. దీన్ని అపర్యవసాన వృత్తి అంటారు. ఇది చెప్పే వేదార్థసంగ్రహం అనే గ్రంథాన్ని రామానుజులు తిరుమల స్వామి ఎదురుగానే ఉపన్యసించారని సంప్రదాయం. తిరుపతి అంటే శ్రీపతే కదా, హైదరాబాద్ చుట్టాలే కరెక్టు అన్నమాట, మేమే మాటని బస్టాండు దగ్గర దించేసుకున్నాం.

ఆ రోజు గుడిలో చదివిన పాశురం ఇదంతా ఎప్పుడో తేల్చేసినట్టు ఉంది. గోదమ్మ అందులో స్వామిని "కుఱైవొన్ఱుమిల్లాద గోవిందా" అంటుంది, ఏ లోటూ లేని గోవిందా అని. మనం లోటుకి వాడే మాటే, ఆమె లోటు లేనివాడికి వాడింది. మేం పశువుల వెంట తిరిగి అడవిలో కూడు తినేవాళ్ళం, ఏమీ తెలియని గొల్లకులం వాళ్ళం అని చెప్పుకోని, అప్పుడంటుంది, "అఱియాద పిళ్ళైగళోం అన్బినాల్ ఉన్దన్నై చ్చిఱుపేరళైత్తనవుం శీఱి యరుళాదే." తెలియని పిల్లలం, ప్రేమకొద్దీ నిన్ను చిన్న చిన్న పేర్లతో పిలిచేశాం, కోప్పడకు. మా ఇంట్లో అరవం వచ్చింది మా అమ్మకే, ఆమె పుట్టిల్లు చిత్తూరు అవతల, పాపకి ఆ లైన్ చెప్పమంటే "నీ మాదిరి పిల్లకాయలు వాగిందానికి కోపం చేసుకోవద్దు స్వామీ అనింది గోదమ్మ" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

సంక్రాంతి సెలవుల్లో కొండకి పోతా ఉన్నాం. అలిపిరి టోల్‌గేట్ దాటి బస్సు మొదటి మలుపులు ఎక్కుతోంది, పాప కిటికీ పక్కన కూర్చోని తల బయట పెట్టొద్దు అని చెప్తా ఉన్నా వినకుండా పెట్టింది, గాలికి ఉన్ని టోపీ ఎగిరిపోయి ఎక్కడో లోయలో చెట్ల మీద పడింది. ఏడుస్తుందేమో అనుకున్నా. అది ఒక క్షణం వెనక్కి చూసి, రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకోని "గోవిందా!" అనింది.

బస్సంతా ఒక్కసారిగా "గోవింద!" అనింది.

పాప అదిరిపడి నా వైపు చూసింది, టోపీ గురించి వీళ్ళందరికీ ఎట్లా తెలుసు అన్నట్టు.